దగ్గరికి వినబడే తీగ

రెండు నెలల కింద గాలివానకు ఆళ్లగడ్డలో మా పెదనాయన టవర్ మీది ఏరియల్ తీగ తెగిపోయింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, ఎండల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ తీరిగ్గా మాట్లాడి, చివర్లో "ఇప్పుడు ఆ రెండు రకాల్లో యాది కట్టాల అమ్మీ?" అన్నాడు. నేను నంద్యాలలో, పోయిన మా నాయన కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

అన్నదమ్ములిద్దరూ బడిపంతుళ్లు, ఇద్దరికీ ఇంట్లోంచే దూరపు మనుషులతో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి. మా అమ్మ ఆ రేడియోను సవతి అనేది. మూతబడిన కేబుల్ టీవీ వాళ్ల ఇనుప టవర్‌ను పెదనాయన కొని తన చేలో నిలబెట్టినప్పుడు మొదలైంది తగవు. టవర్‌నే నిలువు ఏరియల్‌గా చేసి, చుట్టూ నల్లరేగడిలో రాగి తీగలు పాతాలని ఆయన కోరిక. అట్లయితే తరంగాలు నేలబారుగా సాగి సముద్రాలు దాటతాయి. దగ్గరి ఊళ్లకు మాత్రం సరిగా అందవు. మా నాయనేమో టవర్ కొన నుంచి రెండు తీగలు కొట్టం కప్పులా వాలుగా దించమనేవాడు. వాటి తరంగాలు ఆకాశానికెక్కి, తిరిగి చుట్టుపక్కల ఊళ్ల మీదే రాలతాయి. రెండూ పెడితే ఒకదాన్నొకటి చెడగొడతాయట. "నీతో మాట్లాడేకి ఫోనుంది గదప్పా, టవరెందుకు?" అని నవ్వి, పెదనాయన రాగి తీగలే పాతించాడు. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యేదాకా మా నాయన మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

ఆ అలక తీరకముందే నాయన గొంతులో పుండు బయటపడింది. ప్రాణం నిలపడానికి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, తల తిప్పుకునేవాడు. అందులో అక్షరాలు కొట్టి పంపొచ్చు కదా అని నేనంటే, పలక మీద రాసి చూపించాడు: ఎవరు కొట్టినా అవి ఒకే మాదిరుంటాయి.

తర్వాత కొన్నాళ్లకు ఆళ్లగడ్డ వెళ్తే, పెదనాయన పాతిన తీగలన్నీ తవ్వి బయటికి లాగుతున్నాడు. ఎందుకని అడిగితే తలెత్తకుండానే, "వానికి గొంతు లేకపోతే ఏమి, చెయ్యుంది గదా" అన్నాడు.

కొట్టం కప్పు తీగలు లేచాయి. నంద్యాలలో నాయన, చుక్కలూ గీతలుగా అక్షరాలు పంపే మోర్స్ కీ మీద వేళ్లు పెట్టాడు. ఆ టకటకల్లో ఏముందో నాకు తెలియదు గానీ, ఒకసారి మాత్రం భుజాలు అదిరేలా నవ్వడం చూశాను, చప్పుడు లేని నవ్వు. ఆ చెయ్యి నడిచే తీరు విని తమ్ముడికి ఆ పూట నొప్పి ఎంతుందో పెదనాయన చెప్పేవాడని పెద్దమ్మ అనేది. రానురాను ఆ చెయ్యి నెమ్మదించింది. ఒక పొద్దున మాట మధ్యలోనే ఆగిపోయింది. రేడియోలో ఆళ్లగడ్డ నుంచి పిలుపు వస్తూనే ఉంది. నాకా భాష రాదు. పెదనాయనకు చెప్పడానికి ఫోన్ తీశాను.

అందుకే ఈసారి తీగ తెగినప్పుడు, నీకిష్టమైందే పెట్టుకో పెదనాయనా అన్నాను. మళ్లీ రాగి తీగలు పాతించాడు. నిన్న ఫోన్ చేసి, ఏ సముద్రాల అవతలి మనిషో పలికాడని చెప్పాడు.

"మీ నాయనకు చెప్దామని మళ్లా కీ మీద చెయ్యి పెట్టినా అమ్మీ."

మనిషి పోయిన సంగతి తలకు ఒక్క రోజులో తెలుస్తుంది. చేతికి తెలియడానికి ఇంకా ఎంత కాలం పడుతుందో.