గోతం బరువు, ఉప్పు గ్లాసు

మాచర్లలో మా మేడమీది గదే మా కోడలి ఆఫీసు. మిరప గోదాముల లెక్కలకు కంప్యూటర్లో కోడు రాస్తుంది. అది తన ఒక్కదానిది కాదట. ఎక్కడెక్కడి వాళ్లో అందులోంచి తీసుకుని తమ పనుల్లో వాడుకుంటారట. లైబ్రరీ అంటారు దాన్ని.

ఒక పొద్దున నేను పండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే దిగొచ్చి పక్కన కూలబడింది. ఫోను మోగుతూనే ఉంది.

"ఏందమ్మా, ఎత్తవేం?"

"ఎత్తితే తిడతారు అత్తయ్యా. మంచి చెయ్యబోయా."

ఆ లైబ్రరీలో 'బస్తా బరువు' అని ఒకటుంది. ఇన్నాళ్లూ అది ఖాళీ గోతం బరువుతో కలిపి చెప్పేది. అలా వద్దని ఈమె గోతం తీసేసి, సరుకు బరువే చెప్పేలా మార్చింది. పేరు మాత్రం పాతదే ఉంచింది. వాడుకునేవాళ్లు మొదటినుంచీ ఎవరికి వారు గోతం తీసేసుకుంటున్నారు. ఇప్పుడది రెండుసార్లు పోయింది. ఏ గోదాములో చూసినా సరుకు తక్కువే. మధ్యాహ్నం మీటింగులోగా సరిచేయకపోతే ఈమె రెండు నెలల పనీ తీసి పక్కన పడేస్తారట.

"నా ఉప్పు గ్లాసు కూడా ఇంతే చేసింది" అన్నాను.

పచ్చడి పెట్టాలంటే మా వీధి ఆడవాళ్లు నా ఇత్తడి గ్లాసే పట్టుకెళ్తారు. కిలో కాయలకు గ్లాసు ఉప్పు. గ్లాసు కాస్త పెద్దది కాబట్టి గుప్పెడు తీసేయడం అందరికీ అలవాటు. ఆ గుప్పెడు గొడవ ఎందుకని ఒక ఏడు సరిగ్గా సరిపోయే స్టీలు గ్లాసు కొని, ఏమీ చెప్పకుండా ఇచ్చేశాను. చేతి అలవాటున అందులోంచీ గుప్పెడు తీశారు. ఎదురింటి మెకానిక్ భార్య జాడీ తెచ్చి నా గుమ్మంలో పెట్టింది.

"అక్కా, ఈ బూజు కూడా నీ కొలతేనా?"

కోడలు నవ్వింది. "అప్పుడేం చేశారు?"

"ఇత్తడిది మళ్లా అరలో పెట్టా. స్టీలుదానికి నిండు గ్లాసని పేరు పెట్టి, వచ్చినోళ్లకల్లా చెప్పా. ఎవురికి అలవాటైంది వాళ్లు పట్టుకుపోయారు."

ఆమె మేడెక్కింది. 'బస్తా బరువు'ను మళ్లీ గోతంతోనే ఉంచి, పక్కన 'సరుకు బరువు' అని కొత్తది పెట్టింది. పాతది వాడినప్పుడల్లా, ఏడాది తర్వాత ఇది ఉండదు, కొత్తదానికి మారండి అని కనపడేలా రాసింది. మీటింగు అయ్యాక అన్నానికి దిగింది.

"నీ పని ఉంచారా?"

"ఉంచారు. ఏడాది చాలదంటున్నారు. మీ వీధి ఎన్నాళ్లలో మారింది అత్తయ్యా?"

స్టీలు గ్లాసు కొని తొమ్మిదేళ్లు. అర వైపు చూశాను. అది అక్కడే ఉంది. ఇత్తడిది పొద్దున్నే మెకానిక్ భార్య పట్టుకెళ్లింది.