బోసక్క మింగిన పన్ను

రాళ్ళలోని ఎముకల్ని పరిశోధించే ఆ ఆఫీసులో, కడిగి జల్లించిన మట్టిలోంచి పళ్ళు ఏరడం బోసక్క పని. నువ్వుగింజంత పళ్ళు. రాక్షసబల్లుల కాలంలో వాటి కాళ్ళ సందున నక్కి బతికిన ఎలుకంత ప్రాణులవి. ఆ ప్రాణులకి పళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. బోసక్కకి పళ్ళు తప్ప అన్నీ మిగిలాయి. చిగుళ్ళ జబ్బుతో వయసులోనే నోరు ఖాళీ అయింది.

భర్త పోయాక తమ్ముడింట చేరింది. "ఇంత వయసొచ్చిన పసిపిల్లకి వేరే మెత్తటి వంటా?" అని మరదలు రోజూ దెప్పేది. ఈ పని దొరికాకే బోసక్కకి సొంత గది, సొంత పొయ్యి. మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర పనిచేసే పొడుగమ్మాయి తన డబ్బాలో అన్నం చెంచాతో మెదిపి పెట్టేది. "నా బదులు నువ్వు నములుతున్నావే తల్లీ," అని బోసక్క నవ్వేది.

కుంచె మొన తడిపి తాకిస్తే పన్ను అంటుకుని లేస్తుంది. తడపడానికి గిన్నెలో నీళ్ళున్నా, నాలుక మీద తిప్పితేనే మొన సన్నగా కుదురుతుంది. అందరూ అదే చేసేవారు. పని త్వరగా సాగుతోంది కదా అని సారు చూసీ చూడనట్టుండేవాడు.

ఆ ఉదయం సారు కొత్త పన్నొకటి భూతద్దం కింద పెట్టి అందర్నీ పిలిచాడు.

"ఇన్నాళ్ళూ పురుగుల్ని పొడిచే మొనపళ్ళే దొరికాయి. దీనికి చూడండి, ముందు కత్తెర, వెనక రోలు! పై పన్ను రోకలిలా దిగుతుంది. పురుగునీ కోసింది, గింజనీ నూరింది. అక్కా, జాగ్రత్తగా సీసాలో వెయ్యి. నీకెలాగూ రోలూ లేదు, రోకలీ లేదు!"

అందరూ పగలబడి నవ్వారు. పన్ను కుంచెకి ఎక్కించిన బోసక్క కూడా నవ్వింది. ఆ నవ్వులో, అలవాటు కొద్దీ, కుంచె నోట్లోకి పోయింది. పళ్ళుంటే కరకర తెలిసేది. గొంతు దిగాక తెలిసింది.

ఉప్పునీళ్ళు తాగించారు. అందరి ముందూ కక్కించారు. కక్కినదాన్ని సారు జల్లెడలో పోయించాడు. పొద్దున తిన్న గంజి మెతుకులే మిగిలాయి.

"పన్ను లేకుండా గేటు దాటావో, మళ్ళీ ఇటు రానక్కర్లేదు," అని సారు వెనక వసారా చూపించాడు. "జల్లెడ నీదే, మట్టీ నీదే. ఏరుకో."

మళ్ళీ మరదలి గుమ్మమేనా అనుకుంటూ బోసక్క జల్లెడ అందుకుంది. వాచ్‌మన్ బాబాయి తన దుప్పటి తెచ్చి వసారాకి అడ్డంగా కట్టాడు. వేడినీళ్ళూ సబ్బూ లోపల పెట్టాడు.

"నేనిటు తిరిగి నిలబడతానమ్మా. ఎవర్నీ రానివ్వను."

"స్వామీ, పరువు ఎలాగూ పోయింది. పన్నొక్కటి ఇప్పించు," అని బోసక్క దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు దొరికింది. కడిగి, మళ్ళీ కడిగి, తెచ్చిచ్చింది.

"ఒక్క మొనా పోలేదు!" సారు గంతేసినంత పని చేసి అందరికీ చేతులు కలిపాడు. బోసక్క చెయ్యి ముందుకొచ్చేసరికి ఆయన చేతులు జేబుల్లోకి పోయాయి. "ఉద్యోగానికేం ఢోకా లేదులే. బల్ల మాత్రం ఆ మూలకి జరుపుకో."

మధ్యాహ్నం బోసక్క ఎప్పటిలా పొడుగమ్మాయి పక్కన కూర్చుంది. ఆ పిల్ల డబ్బా తెరిచి, చెంచా తీసి, తలొంచుకుంది.

"ఏమీ అనుకోకక్కా... నాకున్నది ఒక్కటే చెంచా."

"అలాగేనమ్మా, తిను," అని బోసక్క లేచి తన మూలకెళ్ళింది. సంచిలో అడుగున నిన్నటి రొట్టెముక్క ఉంది. కుంచె తడిపే గిన్నెలో దాన్ని వేసి, నానేదాకా చూస్తూ కూర్చుంది.