మ్యాపులో ఖాళీగా వదిలేసిన ఇసుక దిబ్బ

ఏడేళ్ల క్రితం, చదువుకునే రోజుల్లో, సముద్రపు కోత నుంచి తీర గ్రామాలను కాపాడే పథకం కోసం జరిగిన సర్వేలో నేను మ్యాపులు గీశాను. భావనపాడుకి ఉత్తరాన ఒక చిన్న మత్స్యకార పల్లెలో, ఎండుచేపలు అమ్ముకునే దానమ్మ ఇంట్లో నెల రోజులు ఉన్నాను, పిన్నీ అనే పిలిచేదాన్ని. ఏ గాలికి ఏ వైపు ఇసుక జారిపోతుందో నాకు చెప్పింది ఆమే. రిపోర్టులో మాత్రం ‘స్థానికులు తెలిపిన ప్రకారం’ అని రాసి ఊరుకున్నాం. ఇప్పుడు దాన్ని సవరించే పని నాకే వచ్చింది. ఈసారి రాసినవాళ్ల పేర్లలో ఆమె పేరూ ఉండాలని తోటివాళ్లను ఒప్పించి, ఆమెకు ఫోన్ చేశాను. “నాను పలాసలో ఉంతన్నానమ్మా, జీడిపిక్కలు కొడతన్నాను. ఆదివారం రా, సెలవు” అంది. పల్లె వదిలేసిందని అప్పటిదాకా నాకు తెలియదు.

విశాఖలో పొద్దున్నే రైలెక్కితే పదిన్నరకి పలాసలో దిగాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. దానమ్మ పిన్ని స్టేషన్ బయటే నిలబడి ఉంది. జీడి రసానికి వేళ్లు నల్లబడిపోయాయి. బస్టాండు దగ్గర ఇడ్లీ తింటూ నేను కాగితాలు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“అయ్యన్నీ తరవాత. నన్ను సముద్రం కాడికి తీసుకెల్తావేటి? రెండేళ్లయిపోనాది. ఒక్కదాన్నీ ఎల్దారంటే కాళ్లు రాటం నేదు.”

టెక్కలికి పల్లెవెలుగు బస్సులో గంట లోపు ప్రయాణం. ఆడవాళ్లకి ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. టెక్కలి నుంచి షేర్ ఆటో దొరుకుతుంది కానీ, పల్లె దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తీసుకురావాలి కనుక ఆటో మొత్తం మాట్లాడుకున్నాం, ఎనిమిది వందలకి. నౌపడ ఉప్పు మడులు దాటగానే గాలి మారింది. పిన్ని తల బయటికి పెట్టి, కళ్లు మూసుకుని ఆ గాలి పీల్చింది. ఆటో ఆయన అద్దంలో చూసి ఆమెను గుర్తుపట్టాడు.

“ఏటప్పా, ఎండుసేపలు తేవడం మానీసినావేటి?”

“దిబ్బే నేదు కదరా, ఎక్కడెండబెడతాను?”

పల్లెలో దిగాక అర్థమైంది. సముద్రానికి అడ్డంగా పెద్ద పెద్ద రాళ్లతో గట్టు కట్టారు. ఇళ్లు, పడవలు నిలిపే చోటు, రోడ్డు దానికి ఇవతల భద్రంగా ఉన్నాయి. ఆడవాళ్లు చేపలు ఆరబెట్టుకునే ఇసుక దిబ్బ గట్టుకి అవతల పడిపోయింది. రెండు వానాకాలాలకే సముద్రం దాన్ని పూర్తిగా తినేసింది.

పిన్ని గట్టెక్కి అలల్లోకి వేలు చూపించింది. “అదిగో, ఆ నురగ తిరుగుతన్నాది సూడు, అక్కడ నా సోటు. దాని పక్కన పారమ్మది. ఇవతల నీలమ్మది. పొద్దున్నే కవ్వళ్ల సేపలు పరుసుకుని, ఎండెక్కేదాకా ఒకటే కబుర్లు.” వేలు దించింది. తర్వాత, “పలాసలో అందరూ మంచోళ్లేనమ్మా. అయితే ఏటి, షెడ్డులో ఏ గాలి ఈత్తందో తెల్దు” అంది.

సంచిలోంచి పాత మ్యాపు తీశాను. పడవలు, ఇళ్లు, రోడ్డు, చిన్న గుడి కూడా ఉన్నాయి. దిబ్బ ఉన్న చోట నా చేతిరాతతోనే ‘ఖాళీ ఇసుక’ అని ఉంది. గట్టు గీత ఈ మ్యాపు చూసే వేశారు. నెల రోజులు ఆ దిబ్బ మీదే కూర్చుని ఆమె పెట్టిన అన్నం తిన్నాను. కానీ ఆస్తి కాగితాలు ఉన్నవాటినే గీయమన్నారు, గీశాను.

“ఖాళీ అని రాసింది నేనే పిన్నీ.”

ఆమె నా వైపు తిరిగింది. “నానెరగనేటి? అప్పుడే అడగాల్సింది, నాకు సదువు రాదని ఊరుకున్నాను. ఇప్పుడేటి సేద్దారని ఒచ్చినావు?”

పేరు సంగతి చెప్పాను. పక్క పల్లెలో కట్టబోయే గట్టు గురించి టెక్కలిలో వచ్చే నెల మీటింగు ఉందని కూడా చెప్పాను.

“నా పేరు తరవాత ఎయ్యి. ముందు దిబ్బ పేరు రాయి. ఆడోళ్ల దిబ్బ.” తర్వాత అడిగింది: “ఆ మీటింగు తెలుగులోనే జరుగుద్దా?”

“జరిపిద్దాం.”

“అయితే నానొత్తాను. పారమ్మనీ నీలమ్మనీ కూడా తెత్తాను.”

తిరుగు దారిలో ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె కోల్పోయిన చోటును నేను తిరిగి ఇవ్వలేను. పక్క పల్లెలో చేపలు ఆరబెట్టే ఆడవాళ్లను మాత్రం ఇంకా అడగవచ్చు, గీత వేయకముందే. ఆ నెల రోజుల్లోని పొద్దుటి వేళలు, ఇసుక వేడి, వాళ్ల కబుర్లు నాకూ ఎంత కావాలనిపించాయో ఆ ఆటోలో తెలిసింది.

మీరు వెళ్తే ఒక మాట: టెక్కలిలో ఆటో ఎక్కేటప్పుడే తిరుగు ప్రయాణం కూడా మాట్లాడుకోండి. సాయంత్రం ఐదు దాటాక తీరం నుంచి బండి దొరకడం కష్టం, గట్టు మీద నుంచి లేచి రావడమేమో ఇంకా కష్టం.