సున్నా రోజుల జీతం

ఈ వానాకాలం ఆఫీసు బీరువా తెరిచినప్పుడల్లా ముక్కవాసన వస్తోంది. చెమ్మ పట్టిన కాగితాలూ, తుప్పు పట్టిన గుండుసూదులూ కలిసిన ఆ వాసన తగలగానే నాకు కామేశ్వరరావు గారు గుర్తొస్తారు. అమలాపురంలో ఒక బట్టల కొట్టు మేడ మీద కూర్చుని ఇన్‌కంటాక్స్ కాగితాలు చూసేవారాయన. ఎనభైల మొదట్లో, బీకాం అవగానే, నేను ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను. నన్ను ‘అమ్మా’ అనే పిలిచేవారు. ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఎన్నడూ వినలేదు. కానీ నాకు తెలియని సంగతి తెలిసినట్టు రాస్తే ఆ కాగితం నిలువునా చించి నా చేతికే ఇచ్చేవారు.

తాటిపాక దగ్గర నూనె బావుల్లో వెల్డింగు నేర్చుకున్న ప్రకాశం, బొంబాయి ఏజెంటు ద్వారా ఇరాకు వెళ్ళాడు. అక్కడ యుద్ధం నడుస్తోంది. అతని పని సరిహద్దు పక్కనే. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు భార్య కరుణమ్మను వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు దేశం బయట ఉంటే ఆ జీతం మీద ఇక్కడ పన్ను పడదనీ, రోజుల లెక్కకు జీతం చీటీలన్నీ దాచాలనీ కామేశ్వరరావు గారు చెప్పారు. కంపెనీ చీటీలు ఇంటికి పంపేటట్టు, వాటిని కరుణమ్మ నెలనెలా తెచ్చి ఇచ్చేటట్టు అనుకున్నారు. చీటీలో అసలు జీతం పక్కన మరో అంకె ఉంది. అదేమిటని అడిగారాయన.

“ప్రమాదం బత్తెం అండి. సైరను మోగిన రోజుకి వేరేగా ఇస్తారు.”

“మోగని రోజో?”

ప్రకాశం కొంచెం నవ్వాడు. “మోగని రోజే భయవండి. ఎందుకు మోగలేదా అని అందరం చెవులొగ్గి కూర్చుంటాం.”

తరువాత ఏడెనిమిది నెలలు కరుణమ్మ చీటీలు తెచ్చింది. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, కొబ్బరాకు కూడా కదలని ఎండలో, చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చి చీటీ బల్ల మీద పెట్టింది. అందులో ప్రమాదం బత్తెం లేదు. “భయం లేని చోటికి మార్చేరండి,” అంది. ఉత్తరం వచ్చిందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. మరుసటి నెలా అంతే. ఆమె వెళ్ళాక కామేశ్వరరావు గారు రెండు చీటీలూ నా ముందుకు తోశారు. పనిచేసిన రోజులు అన్నచోట సున్నా ఉంది. సెలవు అన్నచోటా సున్నాయే. అసలు జీతం మాత్రం పూర్తిగా ఉంది.

“పనిలోకి రాలేదు, సెలవు పెట్టలేదు, ఇంటికీ రాలేదు. జీతం మాత్రం వస్తోంది. అతనికింక ప్రమాదం లేదని ఎవరికో తెలుసమ్మా,” అన్నారు.

ఎదురుగా ప్రకాశం కూర్చున్న కుర్చీ ఉంది. పట్టపగలే అటు చూడలేకపోయాను. డబ్బు వస్తున్నన్నాళ్ళూ ఊరుకుంటే మంచిదేమో అన్నాను. అది ఆగిపోయిన రోజున ఆవిడకి కాగితం చెప్పాలా అని అడిగి, ఆయన గొడుగు తీసుకున్నారు. ఇద్దరం బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాం.

కరుణమ్మ అరుగు మీద చాప వేసింది. కామేశ్వరరావు గారు తనకు తెలిసింది, తెలియనిది రెండూ విడివిడిగా చెప్పారు. ఆమె చివరిదాకా వింది, ఏడవలేదు.

“ఆయ్. సున్నా నాకూ తెలుసండి. మీరేవీ అనకపోతే బతికే ఉన్నాడనుకుందావని తెచ్చేదాన్ని.”

ఆయన తలవంచుకుని, ముందు నెలలోనే చెప్పనందుకు క్షమించమన్నారు. అంత పెద్దమనిషి ఆమెకు చేతులు జోడించడం నేను చూశాను.

ఆ సంవత్సరమంతా ఎంబసీకీ కంపెనీకీ ఆయన చెబుతుంటే నేను ఉత్తరాలు టైపు చేశాను. పనివాళ్ళతో వెళ్ళిన లారీ ఒకటి తిరిగి రాలేదనీ, మనిషి జాడ తేలేదాకా కొన్నాళ్ళు అసలు జీతం ఇవ్వడం తమ పద్ధతనీ చివరికి కంపెనీ రాసింది. పరిహారం కూడా అసలు జీతం మీదే కడతామంది. బత్తెం ఇచ్చిన పనిలోనే మనిషి పోయాడు కాబట్టి దాన్నీ కలపాలని ఆయన పట్టుబట్టి సాధించారు. పన్ను కాగితంలో ప్రకాశం ఆ ఏడు ఎక్కడున్నాడో రాయమని ఆఫీసరు అడిగితే, “ఈ దేశంలో లేడు. అంతవరకే రాయగలనండి,” అన్నారు. ఆఫీసరు అదే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు యుద్ధాలున్న చోట్లకు లారీలు తోలడానికి, వంటలు చేయడానికి వెళ్ళే పిల్లలు పన్ను కాగితాల కోసం నా దగ్గరకు వస్తారు. ఏదైనా అయితే ఇంట్లో ఎవరికి చెప్పాలని అడిగితే నవ్వుతారు. నేను పేరు రాసుకుంటాను. ఇప్పటికి రెండిళ్ళకు వెళ్ళవలసి వచ్చింది. రెండుచోట్లా నేను గుమ్మం ఎక్కకముందే వాళ్ళకు తెలుసు. అయినా నేను చెప్పేదాకా, నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు.