మూడో పళ్ళెం

మా అత్తగారు భద్రమ్మకి అబద్ధమాడటం చేతకాదు. మంచితనమని మురిసిపోకండి, ఆ తెలివి లేదంతే. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి "పిల్ల నలుపే, చేతులు మాత్రం పనికొస్తాయి" అని మా నాన్న ముందే అన్న మనిషి. అందుకే, దయ్యాల కథలంటే ఒళ్ళు మండే నేను కూడా ఈ ఒక్కదాన్నీ కొట్టిపారేయలేకపోతున్నాను.

మాది కంకిపాడు దగ్గర నేతపని ఇల్లు. మామగారు చిన్నవయసులోనే పోయారు. యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గం మూలపడింది. అత్తగారు ఖాళీ మగ్గం ముందు కూర్చుని దాన్ని తిట్టిపోసేది. చివరికి బెజవాడలో కాలవల పనులు చూసే ఇంగ్లీషు దొరగారి బంగళాలో బట్టలు చూసే పనికి కుదిరింది. తెరలు, దుప్పట్లు, బల్లమీది గుడ్డలు ఎక్కడ చిరిగినా పోగూ పోగూ కలిపి మళ్ళీ నేసినట్టే కుట్టేది. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. సాయంత్రం కాలవలో మునిగితే గానీ తానుండే చుట్టాలింటి గడప తొక్కేది కాదు. అయినా దొరసానంటే ప్రాణం. "దేశంకాని దేశంలో ఒక్కత్తీ ఎట్లా ఉంటుందో పాపం" అనేది.

దొరసానికి ఒక్కడే కొడుకు, ఆర్థరు. బర్మా వైపు యుద్ధానికి వెళ్ళాడు. ఏడాది దాటినా ఉన్నాడన్న కబురూ లేదు, పోయాడన్న కబురూ లేదు. బంగళాలో ఎవరూ ఆ పేరెత్తేవారు కాదు. దొరసాని మాత్రం రోజూ వాడి మంచం దులిపించి దుప్పటి మార్పించేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి తెలుగు బాగానే పట్టుబడింది. "వాడు బతికే ఉన్నాడు భద్రమ్మా" అనేదట, ఎవరూ కాదనకపోయినా.

1943 క్రిస్మస్ వచ్చింది. వాళ్ళ ఊళ్ళో అయితే చలీ, చుట్టాలూ. ఇక్కడేమో సరివి కొమ్మ ఒకటి కుండీలో నిలబెట్టి రంగుకాగితాలు కట్టారు. మధ్యాహ్నం భోజనం దొరసాని తనే వడ్డించింది. మనుషులు ఇద్దరు, పళ్ళేలు మూడు. దూరాన ఉన్నవాడికి పండగనాడు పళ్ళెం వెయ్యడం వాళ్ళింటి అలవాటట. ఆ సంగతి మా అత్తగారికి ఎవరు చెప్పారు గనక. కోడి, బంగాళాదుంపలు, ఎండుద్రాక్షల కేకు వడ్డించి కూర్చోబోతుంటే కాలవ పనివాళ్ళు పూలదండలూ నిమ్మకాయలూ పట్టుకుని వచ్చారు. దొరా దొరసానీ వరండాలోకి వెళ్ళారు.

అత్తగారు గుమ్మంలోంచి చూసింది. లేనివాడికి వడ్డన జరిగింది, వడ్డించినవాళ్ళు బయటికి నడిచారు. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళకి పెట్టుకునేది అచ్చం అలాగే. వాళ్ళకి ఇష్టమైనవన్నీ వడ్డించి, అందరం బయటికొచ్చి తలుపు మూస్తాం. వాళ్ళొచ్చి తిని వెళ్తారని నమ్మకం. కాసేపాగి, వాళ్ళు ఉలిక్కిపడకుండా ఒకసారి దగ్గి, అప్పుడు తీస్తాం. దొరసానమ్మకి కొడుకు పోయిన కబురు అందింది, నోటితో చెప్పలేక ఇలా చేస్తోందనుకుంది మా అత్తగారు. ఏడ్చింది కూడా. దుఃఖంలో తలుపు మూయడం మరిచిపోయారని, తనే కిటికీలు బిగించి గడియలు వేసి, తలుపు మూసి, బయట చేతులు కట్టుకుని నిలబడింది.

మెళ్ళో దండలతో వాళ్ళిద్దరూ తిరిగొచ్చారు.

"తలుపు ఎందుకు మూశావు?" అని దొరసాని అడిగింది.

"మెల్లిగా మాట్లాడండి అమ్మగారూ. బాబుగారు తింటున్నారు."

దొరగారు నవ్వబోయారు. అప్పుడే లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ముగ్గురూ విన్నారు. "పిల్లి" అన్నారు దొరగారు, ఎవరూ అడక్కుండానే. కుర్చీ జరుపుకుని కూర్చునే పిల్లిని నేనైతే ఎక్కడా చూడలేదు.

"మీవాళ్ళు ఇట్లా ఎవరికి పెడతారు?" దొరసాని గొంతు తగ్గించింది.

పొరపాటు జరిగిందని మా అత్తగారికి అప్పుడు తెలిసింది. ఇంకొకరైతే దేవుడికనో దిష్టికనో ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేవారు. ఈ మహాతల్లి "పోయినవాళ్ళకండి" అంది.

దొరగారు మండిపడి తలుపు మీద చెయ్యి వేశారు. దొరసాని ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదట.

"పోకపోతే? బతికుంటే ఏమవుతుంది?"

"ఏం కాదండి. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది."

"అయితే తియ్యి. చూద్దాం."

అత్తగారు దగ్గింది. సరిగా రాలేదు. మళ్ళీ దగ్గి తలుపు తీసింది.

ఆర్థరు పళ్ళెం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. కోడిముక్క కదల్లేదు, చెంచా కదల్లేదు. దొరసాని ఏడుస్తూ నవ్వుతూ మా అత్తగారి భుజాలు పట్టుకుని ఊపేసింది. "చూశావా, ముట్టలేదు, ముట్టలేదు" అంది. దొరగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అత్తగారికి కూడా ప్రాణం లేచొచ్చింది.

దొరసాని తన చోటుకి వెళ్ళింది. బల్లకి దూరంగా జరిగి ఉన్నది ఆవిడ కుర్చీ. ఆవిడ పళ్ళెంలోనూ కోడి అలాగే ఉంది, దుంపలు అలాగే ఉన్నాయి. కేకు ముక్కలో మాత్రం ఒక పక్కంతా చిల్లులు. ఎండుద్రాక్షలు ఎవరో వేలితో ఒక్కొక్కటే ఏరుకున్నారు. రెండో పక్కన ద్రాక్షలు ఇంకా ఉన్నాయి.

ఆవిడ వంగి ఆ చిల్లుల్ని చూసింది.

"చిన్నప్పుడు తన పళ్ళెం వదిలేసి నా ముక్కలోవే ఏరుకునేవాడు" అంది. "వేళ్ళమీద కొట్టేదాన్ని."

దొరగారు ఇంగ్లీషులో ఏదో అన్నారు, బతిమాలుతున్నట్టు. ఆవిడ వినిపించుకోలేదు. కుర్చీని తాకకుండా వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటింది, ఆయన్నీ చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది.

"సగమే తిన్నాడు భద్రమ్మా" అంది. "మనం తొందరపడ్డాం. తలుపు వెయ్యి."