వైరు లేని మూత

1995లో నాచారం పారిశ్రామికవాడలో కరెంటు మీటర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఆ వానాకాలం మా ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లను ఒకే నల్లటి కేబుల్‌తో కలిపారు. వాటిని చూసుకోవడానికి కొత్త పోస్టు వచ్చింది. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసైనవాడికే అది. పరీక్షకు మేనేజర్ శాస్త్రిగారు ఒక్కరి పేరే పంపుతారు. ఆయన సంతకం పడకపోతే నాకు రిటైరయ్యేదాకా ట్యూబులైట్లే.

చిక్కేమిటంటే, నా మాట అక్కడ ఎవరూ నమ్మరు. ఉప్పల్ నల్లచెరువులో నేను పట్టిన చేపను మోపెడ్ వెనక కట్టుకొస్తే, దాని తోక నేలకు రాసుకుని హబ్సిగూడ దాకా రోడ్డు మీద గీత పడిందని క్యాంటీన్‌లో చెప్పి ఉన్నాను. ఆ గీత ఇప్పటికీ ఉంది. పైన తారు వేశారంతే.

సాయంత్రాలు ఉప్పల్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్లేవాణ్ణి. కేబుల్ రెండు చివర్లా టెర్మినేటర్ అనే మూత బిగించాలని పాఠం. అది బొటనవేలి కొసంత ఉంటుంది. దాన్నుంచి ఏ వైరూ బయటికి రాదు. లోపల యాభై ఓముల రెసిస్టర్ ఒకటి, అంతే. అది లేకపోతే సంకేతం చివరిదాకా పోయి వెనక్కి తిరిగొచ్చి, వెనకాల వస్తున్న వాటిని గుద్దుకుంటుందట. ఖాళీ చివర నుంచి ఎందుకు తిరిగొస్తుందని అడిగాను. "ఒక్క మార్కు ప్రశ్న, రాసుకోండి" అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మార్కు నన్ను వదల్లేదు. ఆదివారం ఇంట్లో బట్టలారేసే తాడు విప్పి, ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండోది పట్టుకుని విదిల్చాను. అల ఊచ దాకా పోయి మళ్లీ నా చేతికే వచ్చి తగిలింది. ఊచకు కట్టిన కొస విప్పి మా ఆవిడ సుగుణకిచ్చి, మెత్తగా పట్టుకోమని మళ్లీ విదిల్చాను. ఈసారి తిరిగి రాలేదు.

"గది నా చేతిలకొచ్చి యాడికి వోయింది?" అంది, అరచెయ్యి చూసుకుంటూ.

"నువ్వే మింగినవ్."

"మస్తు జెప్పినవ్ తీ. ముందుగాల్ల తాడు కట్టు, బట్టలు నా నెత్తి మీద ఆరేస్తవా?"

ఆ వారంలోనే ఓ పొద్దున ఎనిమిది కంప్యూటర్లూ ఒకేసారి మాట మానేశాయి. బిల్లులు రావడం లేదు, సరుకెక్కిన లారీ గేటు దగ్గర ఆగిపోయింది. నేను కేబుల్ వెంట నడుచుకుంటూ పోయి చివరి కంప్యూటర్ దగ్గర ఆగాను. మూత లేదు. మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది: నెలాఖరు తనిఖీలో పనిలేని విడిభాగం ఏది కనిపించినా స్టోర్స్‌కు జమ కావాలి. స్టోర్స్ కీపర్ యాదగిరన్న ఆ ప్రకారమే దాన్ని విప్పి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"వైరు లేదు, గీరు లేదు, ఉత్త మూత. గది లేక ఎనిమిది కంప్యూటర్లు పండుకున్నయా? గిది గుడ చేప తోక లెక్కనే ఉన్నది మల్లేశం" అన్నాడు. మేనేజర్ సంతకం లేనిదే ఇయ్యనన్నాడు.

శాస్త్రిగారు ఇంకా నయం, పూర్తిగా విన్నారు. "లారీ గేట్లో పెట్టుకుని నాకు కథలు చెబుతావేమయ్యా? మధ్యాహ్నానికి నడవకపోతే పరీక్షకు ఇంకొకణ్ణి చూసుకుంటాను" అన్నారు.

వాదించి లాభం లేదు. మీటర్లు పరీక్షించే బల్ల దగ్గర వెతికితే యాభై ఓములది దొరకలేదు. వంద ఓములవి రెండు దొరికాయి; వాటిని పక్కపక్కన పెట్టి ఇటు కొసలు, అటు కొసలు కలిపితే యాభైగా పనిచేస్తాయి. కేబుల్ వేసినప్పుడు మిగిలిన ప్లగ్గు ఒకటి తీసుకుని, దానికి ఆ రెండింటినీ టంకం పెట్టి, మూత ఉండాల్సిన చోట బిగించాను. మళ్లీ లాగిన్ అయితే అన్నీ లేచాయి. ప్రింటర్ బిల్లు కొట్టడం మొదలుపెట్టింది.

శాస్త్రిగారు అప్పటికీ నమ్మలేదు. తానే వంగి ప్లగ్గు పీకారు, తెరలు బిగుసుకుపోయాయి. పెట్టారు, నడిచాయి. మళ్లీ పీకబోతుంటే యాదగిరన్న అడ్డం పడ్డాడు: "ఇగ సాలు సార్, లారీని పోనియ్యుండ్రి!"

సంతకం ఆ పూటే పడింది. పరీక్షలో టెర్మినేటర్ ప్రశ్న నిజంగానే వచ్చింది, ఒక్క మార్కుకే. పాసయ్యాను, పోస్టూ వచ్చింది. అసలు మూతను యాదగిరన్నే తెచ్చి బిగించి, దానికో స్టోర్స్ చీటీ వేలాడదీశాడు: "తీయరాదు. ఇది మల్లేశం కథ కాదు."

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. ఒక భాగం ఏ పనీ చేయనట్టు కనిపిస్తే, ఏం చేస్తుందో తెలిసేదాకా దాన్ని తీసి దాచకూడదు. ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, పీకి, పెట్టి, చూసి ఒప్పుకోవాలి. చేప సంగతి అలా తేల్చుకోవాలంటే మాత్రం రోడ్డు తవ్వాలి.