కుడివైపు పతకం

యాకూబ్ చిచ్చా పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలు పోసే ఎల్లమ్మ. అప్పుడు నేను శుక్రవారం పూజకు చింతపండుతో దీపపు కుందులు తోముతున్నాను. ఆమె వెళ్లాక కూడా చేతులు కడుక్కోబుద్ధి కాలేదు. ఆ పులుపు వాసనలోనే ఆయన ఉన్నట్టనిపించింది.

కొడకండ్లలో మా పక్కిల్లే ఆయనది. పట్టాళంలో హవల్దారుగా పనిచేసి వచ్చాడు. చిన్నప్పుడు నా కాలు సరిగా సాగక బడికి పోలేకపోతే, పొద్దుటి నమాజు కాగానే పలక పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాడు. "నడక దేవుడు తక్కువిచ్చిండు గని నోరు మస్తు ఇచ్చిండు. సదువు!" అనేవాడు. తెలుగైనా, ఇంగ్లీషైనా, నాకు వచ్చిన నాలుగక్షరాలూ ఆయన పెట్టిన భిక్షే.

ఆయన ఇంట్లో ఒక రేకు డబ్బాలో రెండు శౌర్య పతకాలుండేవి. పంద్రాగస్టుకు ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు పెట్టుకునేవాడు. నాకు పన్నెండేళ్లప్పుడు, ఆయనను సంతోషపెడదామని రెండింటినీ పూజ సామానులాగే చింతపండుతో తోమేశాను. రిబ్బన్ల రంగు కారిపోయింది. ఏడుపు లంకించుకున్నాను. ఆయన కుడివైపు పెట్టుకునేదాన్ని వెలుతురుకు పట్టి, అంచు తిప్పి చూశాడు.

"రంగు పోతే పోయింది బిడ్డా. మసి పోయి పేరు బయటపడ్డది, సూడు."

అక్కడ చెక్కి ఉన్న పేరు సోమ్లాది. బయ్యారం దగ్గరి తండా నుంచి పట్టాళానికి వెళ్లినవాడు. మంచుకొండల్లో తూటాల మధ్య పడిపోయిన ముగ్గురి కోసం వాళ్లిద్దరూ పాకుతూ వెళ్లి, చెరొకరిని మోసుకొచ్చారట. మూడోవాడి కోసం సోమ్లా ఒక్కడే మళ్లీ వెళ్లాడు. తిరిగి రాలేదు. "నాకు తొడల తూటా దిగింది. లేవలేకపోయిన," అంటూ చిచ్చా పతకాన్ని మళ్లీ డబ్బాలో పెట్టాడు. గుడిసె కారుతుందని సోమ్లా తల్లి ద్వాలి పతకాన్ని ఆయనకే దాచమని ఇచ్చింది. పోయినవారి పతకాన్ని వాళ్ల తరఫున పెట్టుకునేవారు కుడివైపు పెట్టుకుంటారని ఆ రోజే తెలిసింది నాకు.

తెలంగాణ కోసం ఊళ్లో దీక్షా శిబిరం నడుస్తున్న రోజుల్లో, కుర్రాళ్లను వెంటబెట్టుకుని, శిబిరం నడిపే శ్రీను వచ్చాడు.

"చిచ్చా, రెండు పతకాలు ఢిల్లీకి వాపస్ పంపుదాం. సర్కారు దిగొస్తది."

"నాది ఇప్పుడే తీస్కపో. సోమ్లాది ఇయ్యనీకి నేనెవన్ని?"

"ఆయనుంటే ఇస్తుండె గద!"

"ఉంటే ఆయన్నే అడుగుతుంటి. లేడు గనుక తల్లిని అడగాలె."

మర్నాడు చిచ్చా, శ్రీను, నేను ముగ్గురం మహబూబాబాద్ మీదుగా తండాకు పోయాం. ద్వాలి అంతా విని, చిచ్చా తెచ్చిన పతకం నా చేతిలో పెట్టింది. "గీడ ఏదో గీకి ఉన్నదంటరు. ఏం రాసిండ్రు బిడ్డా?"

కూడబలుక్కుని నంబరూ, పేరూ చదివాను.

"ఇంకోపారి."

మళ్లీ చదివాను. ఆమె ఆ అంచును బొటనవేలితో నిమిరింది. "గిది పోతే నా కొడుకు పేరు ఏడ సదువుతరు? పతకమియ్యను. మీకు మనిషి కావాలె గద, నేనొస్త పా."

శ్రీను ఇంక చిచ్చా పతకాన్ని కూడా అడగలేదు. శిబిరంలో మొదటి వరుసలో, ఆమె అద్దాల రవికె మీద కుడివైపు ఆ పతకాన్ని నేనే పెట్టాను. పక్కన చిచ్చా, ఎడమవైపు తనది పెట్టుకుని.

"అవ్వా, జర ఇటు సూడు, ఫోటో తీస్తరు," అన్నాడు శ్రీను.

"ఫోటో ఏడికి పోతది గని, ముందుగాల నీళ్లు తేపో!"

టెంటంతా నవ్వింది.

రాష్ట్రం రావడం ద్వాలి కళ్లారా చూసింది. పోయేముందు, "నీ తర్వాత గది సదివే పిల్ల తాన ఉండనీ," అని చిచ్చాతో అన్నదట. చిచ్చా దినాలయ్యాక ఆయన బిడ్డ ఆ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ప్రతి శుక్రవారం దీపం వెలిగించాక ఆ పేరు పైకి చదువుతాను. చదవగలుగుతున్నందుకు దేవునికీ, చిచ్చాకూ దండం పెట్టుకుంటాను.

చిచ్చాను తలచుకొమ్మని మిమ్మల్ని అడిగితే ఆయన ఒప్పుకోడు. అందుకని, ఎప్పుడైనా బయ్యారం దారిలో వెళ్తే ఒక్క పేరు గుర్తు చేసుకోండి. వీలైతే పైకి అనండి: సోమ్లా.